సిలిండర్ తీసేశాం కదా అని వదిలెయ్యకండి: ఎయిర్ పిస్టల్ వాడకం, సంరక్షణ

ఎయిర్ పిస్టల్ కింద ఉండే గాలి సిలిండర్‌ని మర తిప్పి ఊడదీసి బల్ల మీద పెట్టినా, ఆ పిస్టల్ ఇంకో పెల్లెట్‌ని, అంటే చిన్న సీసపు గుండుని, పేల్చగలదు. కొత్తగా చేరిన వాళ్లలో చాలామందికి ఈ విషయం తెలియదు, తెలిసినా చేతికి అలవాటు కాదు. సిలిండర్‌కీ వాల్వ్‌కీ మధ్య గాలి ఒత్తిడిని తగ్గించి ఒకేలా ఉంచే రెగ్యులేటర్ ఉంటుంది, దాని పక్కనే ఒక షాట్‌కి సరిపడా గాలిని కొలిచి పట్టి ఉంచే చిన్న గది ఉంటుంది. సిలిండర్ తీసినప్పుడు బుస్సుమని వచ్చే గాలి మర చుట్ల దగ్గర చిక్కుకున్నది మాత్రమే, గదిలో ఉన్నది చాలాసార్లు అక్కడే ఉంటుంది. బ్యారెల్‌లో పెల్లెట్ కూడా ఉండిపోయిందంటే, మీరు "ఖాళీ" అనుకుంటున్న పిస్టల్ నిజానికి లోడ్ అయి ఉన్నట్టే.

కాబట్టి ఈ పిస్టల్‌ని చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి. పెల్లెట్ ఉందా? గాలి ఉందా? ఒకదానికి జవాబు దొరికింది కదా అని రెండోది వదిలెయ్యకూడదు. రేంజ్‌లో ఏ మంచి కోచ్‌ని చూసినా ఇదే కనిపిస్తుంది: కుర్రాడు "ఖాళీయే సార్" అని పిస్టల్ అందిస్తాడు, ఆయన "సరే నాన్నా" అంటూనే మూతిని టార్గెట్ వైపు తిప్పి, లోడింగ్ లివర్ (పెల్లెట్ పెట్టడానికి తెరిచే మీట) తెరిచి, లోపలికి చూసి, అప్పుడు గానీ చేతిలోకి తీసుకోడు. అది కుర్రాడి మీద అనుమానం కాదు, చెయ్యి చేసే పని. మీ చెయ్యికి కూడా అది పట్టేదాకా చెయ్యండి.

ఇక్కడ నేను చెప్పేది ప్రధానంగా 10 మీటర్ల మ్యాచ్ పిస్టల్ గురించి, అంటే స్టెయిర్, మోరిని, పార్డిని, వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్ లాంటి కంపెనీలు చేసే, ముందే గాలి నింపిన సిలిండర్‌తో పనిచేసే రకం. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో వెండి పతకం తెచ్చిన 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ఈవెంట్‌లో, పారిస్ 2024లో మను భాకర్ కాంస్యం గెలిచిన ఈవెంట్‌లో వాడేది ఈ రకమే. కార్బన్ డయాక్సైడ్ గుళికలతో పనిచేసే పిస్టల్ సంగతి మధ్యలో వేరుగా చెబుతాను, ఎందుకంటే మన ఎండలకి దాని ప్రవర్తనే వేరు.

ముందు చట్టం సంగతి చెప్పేసి పక్కన పెడదాం. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బోరు, అంటే బ్యారెల్ లోపలి వ్యాసం, .177 అంగుళాలు అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, మూతి దగ్గర శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు, ఏ ఒక్కటి దాటినా కావాలి. మ్యాచ్ పిస్టల్ అర గ్రాము పెల్లెట్‌ని సెకనుకి సుమారు 150 మీటర్ల వేగంతో పంపుతుంది, లెక్క వేస్తే ఆరు జౌళ్ల లోపే. "అంతేనా, బొమ్మ తుపాకీయే కదా" అనేవాళ్లు ఇక్కడే పొరబడతారు. ఆ ఐదారు జౌళ్లు కన్ను పోవడానికి చాలు, దగ్గర నుంచైతే చర్మం చీల్చుకుని లోపలికి దిగడానికీ చాలు. లైసెన్సు అక్కర్లేదు కాబట్టి పిట్టల మీద, ఉడతల మీద, వీధి కుక్కల మీద ప్రయత్నించొచ్చు అనుకునే మహానుభావులు కూడా ఉంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1960 జంతుహింస నిరోధక చట్టం ఉన్నది వాళ్ల కోసమే. కొన్నప్పుడు బిల్లు జాగ్రత్త చేసుకోండి, దాని ఫోటోకాపీ ఒకటి పిస్టల్ పెట్టెలోనే ఉంచండి.

ఇప్పుడు గాలి నింపడం. నా ఉద్దేశంలో ఈ ఆట మొత్తంలో అందరూ తేలిగ్గా తీసుకునేది, అలా తీసుకోకూడనిదీ ఇదే. మోటార్ సైకిల్ టైరులో ఉండే గాలి ఒత్తిడి రెండు బార్లకి (బార్ అంటే ఒత్తిడి కొలత) కాస్త అటూ ఇటూ. పిస్టల్ సిలిండర్‌లో మామూలుగా 200 బార్లు. అరచేతిలో పట్టే గొట్టంలో, టైరుకి వంద రెట్ల ఒత్తిడి. మీ సిలిండర్‌కి ఎంత అన్నది దాని మీదే చెక్కి ఉంటుంది, అది చదవండి, ఎవరో చెప్పిన అంకె నమ్మకండి.

నింపేది సాధారణంగా డైవింగ్‌కి వాడే పెద్ద ట్యాంకు నుంచి. ట్యాంకుకి అడాప్టర్ బిగించి, అడాప్టర్‌కి పిస్టల్ సిలిండర్‌ని చేత్తోనే బిగించి, ట్యాంకు నాబ్‌ని చాలా నెమ్మదిగా తెరవాలి. గేజ్ ముల్లు పాకుతున్నట్టు కదలాలి, ఎగిరి పడకూడదు. త్వరగా నింపితే సిలిండర్ వేడెక్కుతుంది, వేడి మీద గేజ్ 200 చూపిస్తుంది, పది నిమిషాల తర్వాత చూస్తే 180కి దిగి ఉంటుంది, అప్పుడు లీకేజీ అని కంగారు పడతారు. లీకేజీ లేదు ఏమీ లేదు, చల్లారిందంతే. నిండాక వరుస ముఖ్యం: ముందు ట్యాంకు నాబ్ పూర్తిగా మూసెయ్యాలి, తర్వాత అడాప్టర్ పక్కన ఉండే చిన్న మర వదులు చేసి మధ్యలో ఉన్న గాలిని బయటికి పంపాలి, బుస్సు ఆగాక అప్పుడు సిలిండర్ విప్పాలి. చేత్తో తిప్పితే కదలట్లేదంటే లోపల ఇంకా ఒత్తిడి ఉందని అర్థం. అక్కడ పట్టకారు తెచ్చేవాళ్లని నేను చూశాను. పట్టకారు పెట్టాల్సిన చోటు కాదది, గాలి వదిలే మర ఇంకా తెరుచుకోలేదేమో చూడాల్సిన చోటు.

గాలి నింపేటప్పుడు ముఖం, అరచెయ్యి సిలిండర్ చివరలకి ఎదురుగా పెట్టొద్దు, కళ్లద్దాలు పెట్టుకోండి. ఇంకొకటి, ఇది మాత్రం ఎంత గట్టిగా చెప్పినా తక్కువే: ఆక్సిజన్ ఎక్కించకండి. వెల్డింగ్ షాపులో ఉంటుంది, చవగ్గా వస్తుంది, "అదీ గాలేగా అన్నా" అంటారు. అది గాలి కాదు. అంత ఒత్తిడిలో స్వచ్ఛమైన ఆక్సిజన్‌కి నూనె చుక్కో గ్రీజు చారో తగిలితే మంట అక్కర్లేకుండానే అంటుకుంటుంది, సిలిండర్ పేలుతుంది. వంట గ్యాస్ గురించి చెప్పాల్సిన పని లేదనుకుంటున్నాను. శ్వాసకి వాడే పొడి గాలి ఒక్కటే ఎక్కించాలి.

చేతి పంపుతో నింపేవాళ్లకి అసలు సమస్య ఒత్తిడి కాదు, తేమ. విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు గాలిలో ఉన్న నీళ్లన్నీ పంపు గుండా సిలిండర్‌లోకి వెళ్తాయి, లోపల తుప్పు, రెగ్యులేటర్‌లో బురద లాంటి పొర. పంపుకి తేమ పట్టే ఫిల్టర్ తగిలించండి, కొన్ని నిమిషాలకోసారి ఆగి పంపు చల్లారనివ్వండి, కింద ఉన్న మర తిప్పి లోపల చేరిన నీటిని వదిలెయ్యండి. పంపులో ఇంజన్ ఆయిల్, కొబ్బరి నూనె, గన్ ఆయిల్ వెయ్యకూడదు. గాలి అంతలా నొక్కుకుపోయినప్పుడు పుట్టే వేడికి మామూలు నూనె ఆవిరై అంటుకోగలదు.

సిలిండర్‌కి వయసు కూడా ఉంటుంది. దాని మీద తయారీ తేదీనో గడువు తేదీనో చెక్కి ఉంటుంది. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల ప్రకారం గరిష్ఠంగా పదేళ్లు, గడువులో ఉందో లేదో చూసుకునే బాధ్యత షూటర్‌దే. సొట్ట పడినా, మర అరిగినా, ఎవరో పేరు చెక్కించుకున్నా ఆ సిలిండర్ పక్కన పెట్టెయ్యండి. పెద్ద ట్యాంకుకి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) ఎప్పుడు చేయించారో క్లబ్బు వాళ్లని అడగడానికి మొహమాటపడకండి. తేదీ చెప్పలేకపోతే అక్కడ నింపుకోవద్దు.

ఇక ఎండ. రెంటచింతల, రామగుండం లాంటి ఊళ్లలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు, అద్దాలు మూసిన కారులో దానికన్నా చాలా ఎక్కువ. నింపిన సిలిండర్‌ని కారు డిక్కీలో వదిలి భోజనానికి వెళ్లకండి. చాలా మాన్యువళ్లు 50 డిగ్రీలు దాటనివ్వొద్దనే చెబుతాయి. ఇక కార్బన్ డయాక్సైడ్ పిస్టల్ అయితే ఎండాకాలం దాని తిక్క వేరే లెవెల్లో ఉంటుంది. 12 గ్రాముల గుళికలో గ్యాసు చాలావరకు ద్రవంగా ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర లోపలి ఒత్తిడి 57 బార్ల దాకా ఉంటే, 30 దగ్గర 72కి పోతుంది. 31 డిగ్రీలు దాటాక ద్రవం అన్నదే మిగలదు, వేడి కొద్దీ ఒత్తిడి ఎగబాకుతూనే ఉంటుంది. ఒత్తిడి మరీ ఎక్కువైతే వాల్వ్ బిగుసుకుపోయి, పిస్టల్ లోపలి సుత్తి కొట్టినా తెరుచుకోదు, ట్రిగ్గర్ నొక్కితే "టక్" అని మాత్రం వస్తుంది. అది పాడవడం కాదు. నీడకి తీసుకొచ్చి, మూతి టార్గెట్ వైపే ఉంచి, చల్లారనివ్వాలి. అలాగే గబగబా పది షాట్లు కొడితే గుళిక చల్లబడి పెల్లెట్లు కిందికి పడటం మొదలవుతుంది. అప్పుడు గురి చూసే సైట్ తిప్పేసుకుంటారు కొందరు, మర్నాడు పొద్దున మళ్లీ తిప్పుకుంటారు. మ్యాచ్ షూటర్లు 90ల చివరికల్లా గాలి సిలిండర్లకి మారిపోవడానికి ఈ చిరాకూ ఒక కారణమే.

గుళిక పెట్టేటప్పుడు దాని మూతి మీద సిలికాన్ నూనె ఒక్క చుక్క, మర తిప్పడం ఆపకుండా బుస్సు ఆగేదాకా, ఆగగానే ఆపెయ్యాలి. ఇంకా బిగిస్తే సీల్ కోసుకుపోతుంది. రాత్రంతా గుళిక పెట్టి ఉంచొద్దు. తీసేముందు మిగిలిన గ్యాసుని టార్గెట్ వైపు పెల్లెట్ లేకుండా ఖాళీ చెయ్యండి, వదులవుతున్న గుళికని వట్టి వేళ్లతో పట్టుకోకండి, మంచు కాటు వేస్తుంది.

ఇప్పుడు కాల్చే చోటు. రేంజ్‌లో అయితే ఆదేశాలు వస్తాయి: లోడ్, స్టార్ట్, స్టాప్, అన్‌లోడ్. స్టాప్ అన్నాక ట్రిగ్గర్ మీద వేలు ఉండకూడదు, అంతే, "ఇదొక్కటి కొట్టేసి" అన్న మాటే లేదు. ఎవరైనా టార్గెట్ల వైపు నడిచేముందు ప్రతి పిస్టల్ లివర్ తెరిచి, బ్యారెల్‌లో సేఫ్టీ ఫ్లాగ్ దూర్చి, బల్ల మీద పెట్టాలి. ఆ నారింజ రంగు ప్లాస్టిక్ తీగ ముందు నుంచి వెనక దాకా బయటికి కనిపిస్తుంటే బ్యారెల్‌లో పెల్లెట్ లేదని దూరం నుంచే తెలుస్తుంది. పక్కవాడి పిస్టల్ అయినా సరే, టార్గెట్ల వైపు మనుషులున్నప్పుడు ముట్టుకోకండి.

ఇంట్లో సాధన చేసేవాళ్లు టార్గెట్ వెనక ఏముందో ముందు చూడాలి. అట్ట ముక్క గోడకి ఆనించి కొట్టడం పిచ్చి పని. సిమెంటు గోడ, రాయి, నిటారుగా నిలబెట్టిన ఇనప రేకు, ఇవన్నీ పెల్లెట్‌ని తిరిగి మీ వైపే పంపుతాయి. వాలుగా రేకు ఉన్న పెల్లెట్ ట్రాప్ కొనండి, లేదా లోతైన చెక్కపెట్టెలో పాత బట్టలు, పాత పేపర్లు గట్టిగా కుక్కి వెనక ఒక మందపాటి చెక్క పెట్టండి. దాని వెనక తలుపు ఉండకూడదు. తలుపు ఉంటే ఎవరో ఒకరు "కాఫీ తాగుతావా" అంటూ తెరుస్తారు. మేడ మీద, పిట్టగోడ పక్కన వద్దు. గురి తప్పిన పెల్లెట్ వంద మీటర్లు దాటి కూడా పోతుంది, ఆ వైపు ఎవరి బాల్కనీ ఉందో మీకు తెలియదు.

లోడ్ చెయ్యడంలో పెద్ద మర్మం లేదు. మూతి టార్గెట్ వైపు, వేలు ట్రిగ్గర్ గార్డు బయట, లివర్ తెరిచి, పెల్లెట్ చదునైన తల ముందుకి, గొడుగులా విచ్చుకున్న వెనక భాగం మీ వైపుకి వచ్చేలా పెట్టి, బొటనవేలితో మెత్తగా లోపలికి నెట్టి, లివర్ మూసెయ్యాలి. లివర్ సులువుగా మూతపడకపోతే బలవంతం చెయ్యకండి, పెల్లెట్ ఏటవాలుగా కూర్చుని ఉంటుంది, తీసి పారేసి ఇంకొకటి పెట్టండి. పెల్లెట్లు చదును తల ఉన్న మ్యాచ్ రకమే వాడండి, అర గ్రాముకి అటూ ఇటూ ఉండేవి. డబ్బా మీద తల సైజు 4.49, 4.50 అని రాసి ఉంటుంది, మీ బ్యారెల్‌కి ఏది నప్పుతుందో రెండూ కొట్టి చూస్తేనే తెలుస్తుంది. ఉక్కు బీబీ గుండ్లు మాత్రం ఈ బ్యారెల్‌లో వెయ్యకండి, లోపలి గాడులు పాడవుతాయి, పైగా పెల్లెట్ కంటే దారుణంగా ఎగిరి వెనక్కి వస్తాయి.

కొట్టినప్పుడు శబ్దం ఎప్పటిలా కాకుండా నీరసంగా "టుప్" అని వచ్చిందా, టార్గెట్ మీద రంధ్రం కనపడలేదా? అప్పుడు రెండోది కొట్టకూడదు. మొదటిది బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. లివర్ తెరవండి, సిలిండర్ తీసెయ్యండి, లివర్ తెరిచి ఉంచే మూతి వైపు నుంచి ఇత్తడి కడ్డీ గానీ ప్లాస్టిక్ పూత ఉన్న కడ్డీ గానీ పెట్టి వెనక్కి నెట్టండి. మూతి ముందు అరచెయ్యి పెట్టి కాదు, పక్కనుంచి పట్టుకుని. చాలాసార్లు కారణం సిలిండర్‌లో గాలి అయిపోవడమే. గేజ్ 70, 80 బార్లకి దిగితే మళ్లీ నింపుకోండి, నిండు సిలిండర్‌కి సుమారు 150 షాట్లు వస్తాయి కాబట్టి 60 షాట్ల మ్యాచ్‌కి, ముందు ప్రాక్టీసు షాట్లకి హాయిగా సరిపోతుంది.

డ్రై ఫైర్, అంటే పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ సాధన, దాదాపు అన్ని మ్యాచ్ పిస్టళ్లలోనూ ఉంటుంది. ఇంట్లో చేసే సాధనలో నాకు బాగా నచ్చేది కూడా ఇదే, ఖర్చు లేదు, చప్పుడు లేదు. కానీ డ్రై ఫైర్‌కి మార్చే చిన్న మీట ఏ వైపు ఉందో పొరపాటు పడొచ్చు కాబట్టి డ్రై ఫైర్ కూడా పెల్లెట్ ట్రాప్ ఉన్న గోడ వైపే చెయ్యండి, టీవీ వైపు కాదు. పెల్లెట్ల డబ్బా ఆ గదిలో లేకపోతే ఇంకా మంచిది. ట్రిగ్గర్ బరువు విషయానికొస్తే నిబంధన ప్రకారం కనీసం 500 గ్రాములు ఉండాలి. "మెత్తగా ఉంటే స్కోరు వస్తుంది" అని దాన్ని ఇంకా తగ్గించేవాళ్లు ఉన్నారు, బల్ల మీద కాస్త గట్టిగా పెడితే పేలిపోయే పిస్టల్‌తో స్కోరు ఏం వస్తుందో నాకైతే అర్థం కాదు.

శుభ్రం చేసే విషయంలో కొత్తవాళ్లు చేసే తప్పు తక్కువ చెయ్యడం కాదు, అతిగా చెయ్యడం. ఎయిర్ పిస్టల్‌లో మందు కాలదు, మసి ఉండదు, ఉండేదల్లా సీసం పొర, కాస్త గ్రీజు. కొన్ని వందల షాట్లకోసారి ఫెల్ట్ పెల్లెట్లు (శుభ్రం చెయ్యడానికి వాడే మెత్తటి ఉన్ని ముక్కలు) రెండు మూడు బ్యారెల్‌లో నెట్టితే చాలు. మూతి వైపు నుంచి కాకుండా, వెనక నుంచి ముందుకి. ఉక్కు బ్రష్ వద్దు, పెట్రోల్ వద్దు, కిరసనాయిలు వద్దు. ఓ-రింగులు, అంటే గాలి బయటికి పోకుండా ఆపే రింగులు, రబ్బరువి, అవి ఉబ్బిపోతాయి. స్ప్రే డబ్బాలో వచ్చే తుప్పు నూనె కూడా బయట లోహం మీద గుడ్డతో తుడవడానికే, లోపలికి కొట్టడానికి కాదు.

ఆ ఓ-రింగుల్ని ఒకసారి దగ్గరగా చూడండి. సిలిండర్ బిగించే చోట, గింజంత సన్నటి నల్ల రింగు ఉంటుంది. వేలి గోరుతో మెల్లగా తిప్పుతూ వెలుతురులో చూస్తే నిగనిగలాడుతూ గుండ్రంగా ఉండాలి. ఒక వైపు చదునుగా నొక్కుకుపోయినా, సన్న గీత పడినా, దాని మీద ఇసుక రేణువు అంటుకుని ఉన్నా లీకేజీ అక్కడి నుంచే. ముందు సిలిండర్ తీసేసి, లోపల మిగిలిన గాలిని పెల్లెట్ లేకుండా టార్గెట్ వైపు వదిలేసి, అప్పుడు చెక్క పుల్లతో రింగు బయటికి తియ్యాలి. పిన్నీసు వాడితే గాడిలో గీత పడుతుంది, ఆ గీత రింగు మార్చినా పోదు. కొత్త రింగుకి సిలికాన్ గ్రీజు వేలికి తడి తగిలినంత చాలు. మాన్యువల్‌లో రాసిన సైజు రింగే తెచ్చుకోండి, హార్డ్‌వేర్ షాపులో "ఇంచుమించు ఇదే సార్" అని ఇచ్చేది 200 బార్లకి ఆగదు.

లీకేజీ ఎక్కడో తేల్చుకోవడానికి తేలికైన పద్ధతి ఉంది. రాత్రి సిలిండర్ విడిగా పెట్టి గేజ్ చూసుకోండి, పొద్దున మళ్లీ చూడండి. దిగిందంటే లోపం సిలిండర్ వాల్వ్‌లోనే. దిగకపోతే మర్నాడు రాత్రి పిస్టల్‌కి బిగించి, బ్యారెల్ ఖాళీ అని చూసుకుని, తాళం వేసి పెట్టండి, అప్పుడు దిగితే లోపం పిస్టల్‌లో. రెగ్యులేటర్ దాకా వెళ్లాల్సి వస్తే ఇంట్లో విప్పొద్దు. దాన్ని తెలిసినవాళ్ల దగ్గరికే పంపాలి, ఖర్చయినా సరే. సిలిండర్ వాల్వ్‌ని కూడా ఒత్తిడి ఉండగా ఎవరూ విప్పకూడదు, గాలి ఖాళీ చేసే పరికరం పెట్టెలోనే ఇస్తారు.

సీసం గురించి మన దగ్గర ఎవరూ పట్టించుకోరు. పెల్లెట్లు నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటీ తీసి లోడ్ చేసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కోనిదే సమోసా ముట్టుకోకండి. పెల్లెట్ ట్రాప్ చుట్టూ చీపురుతో ఊడవకండి, ధూళి లేస్తుంది, తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారెయ్యండి. చిన్న పిల్లలు, గర్భిణులు ఆ పని అసలు చెయ్యకూడదు.

దాచేటప్పుడు పిస్టల్ ఒక చోట, పెల్లెట్లు ఇంకో చోట, రెండిటికీ తాళం. సంక్రాంతికి ఇల్లు నిండా బంధువుల పిల్లలు దిగుతారు, "బాబాయ్, ఒక్కసారి చూపించవా" అంటారు. చూపించడం తప్పు కాదు, సిలిండర్ తీసి, లివర్ తెరిచి, ఫ్లాగ్ పెట్టి, మీ చేతిలోనే ఉంచి చూపించండి. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు రెండు పడెయ్యండి, వానాకాలం వాటిని మార్చండి. మోరిని లాంటి ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఉన్నవైతే నెలల తరబడి వాడనప్పుడు బ్యాటరీ తీసెయ్యాలి.

బయటికి తీసుకెళ్లేటప్పుడు ఎప్పుడూ పెట్టెలోనే. నడుముకి దోపుకుని బండి మీద వెళ్తే చూసేవాడికి అది అసలు పిస్టలే, పోలీసుకీ అంతే. క్లబ్ కార్డు, బిల్లు కాపీ దగ్గర ఉంచుకోండి. విమానంలో అయితే టికెట్ కొనేటప్పుడే ఎయిర్‌లైన్స్‌తో మాట్లాడి అనుమతి తీసుకోండి, పిస్టల్ చెకిన్ సామానులో డిక్లేర్ చెయ్యాలి, సిలిండర్లు ముందే ఖాళీ చేసుకోవాలి, కాబట్టి అవతలి ఊళ్లో గాలి ఎక్కడ నింపుతారో, వాళ్ల అడాప్టర్ మీ సిలిండర్‌కి సరిపోతుందో ఫోన్ చేసి కనుక్కున్నాకే బయల్దేరండి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు బ్యారెల్, గ్రిప్ చూడటం కంటే ముందు సిలిండర్ తిప్పి తేదీ చదవండి. తొమ్మిదేళ్ల సిలిండర్ అంటే ఏడాదిలో కొత్తది కొనాలి, ఆ ధర బేరంలో తగ్గించమని అడగండి. అమ్మేవాడు మర్యాదస్తుడైతే ఒప్పుకుంటాడు.